గొర్రెలు, గడ్డి, బాకీ: లాక్స్‌నెస్ 'ఇండిపెండెంట్ పీపుల్'

ఐస్‌లాండ్ జనాభా ఇవాళ నాలుగు లక్షలకు అటూ ఇటూ. ఈ నవల వచ్చిన 1934-35లో అయితే లక్షకు కాస్త పైన. ఆ దేశపు రచయిత హాల్డోర్ లాక్స్‌నెస్‌కు 1955లో నోబెల్ వచ్చింది. ఆయన్ని చదవాలనుకునేవాళ్లు ఈ పుస్తకంతోనే మొదలుపెట్టడం మంచిది. జె. ఎ. థామ్సన్ ఇంగ్లీషు అనువాదం ఒకే సంపుటంగా, సుమారు 500 పుటల్లో దొరుకుతుంది.

కథానాయకుడు బ్యార్తుర్. కామందు దగ్గర 18 ఏళ్లు పాలేరుతనం చేసి, ఆ కామందు దగ్గరే దయ్యం పట్టిందని అందరూ వదిలేసిన మెట్టభూమిని కొంటాడు. ఎవరికీ బాకీ ఉండకూడదు, అంతే అతని మతం. పెళ్లాం పోయినా పిల్లలు పోయినా ఆ పట్టు సడలదు. మహానుభావుడో మూర్ఖుడో చివరిదాకా తేల్చుకోలేం. నవల బలం అక్కడే ఉంది.

చాలామంది మొదటి వంద పుటల్లోనే ఆగిపోతారు. ఒక కారణం పేర్లు. అక్కడ ఇంటిపేర్లు దాదాపు లేవు, తండ్రి పేరుకు 'సన్' లేదా 'దోత్తిర్' చేరుతుంది. కాబట్టి మొదటి పేరు గుర్తుంటే చాలు. రెండో కారణం, పెళ్లయినా చావైనా నలుగురు చేరితే గొర్రెల పురుగుల గురించే మాట్లాడుకోవడం. అది దాటవేయకండి. చచ్చిన గొర్రె తలను కుక్క తింటే దాని కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. కుక్క పెంటతో ఆ గుడ్లు గడ్డిలోకి, గడ్డితో మళ్లీ గొర్రె మెదడులోకి చేరతాయి. గొర్రె గిర్రున తిరిగి పడిపోతుంది. కుక్కలకు పురుగుల మందు వేయించడం ఎందుకంత పెద్ద వ్యవహారమో అప్పుడు తెలుస్తుంది. రచయిత వెటకారమూ తెలుస్తుంది.

అసలు ఈ నవలకు తాళంచెవి గడ్డి లెక్క. వేసవి కొద్ది వారాలే. అప్పుడు కోసి ఎండబెట్టిందే చలికాలమంతా మేత. వాన వదలకపోతే గడ్డి మురుగుతుంది. ఆ గడ్డి తిన్న మంద నీరసించి పురుగుపడుతుంది, వసంతం ఆలస్యమైతే ఈనకముందే చస్తుంది. ఆ ఇంటికి ఒక ఆవు వస్తుంది. పాలతో పిల్లల మొహాలు తేరుకుంటాయి, కానీ ఆవు తినేది గొర్రెల గడ్డి. బ్యార్తుర్ క్రూరత్వం వెనక ఉన్నది ఈ లెక్కే అని గమనిస్తే తప్ప రెండో భార్య ఫిన్నా కథ పూర్తిగా అందదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నికీ మాంసానికీ ధర పెరిగి చేతిలో డబ్బాడుతుంది. ఎక్కడో జనం చస్తుంటే ఇక్కడివాళ్లు అది వరంలాంటి యుద్ధమని మురిసిపోతారు! అప్పు చేసి కాంక్రీటు ఇల్లు కడతారు. పచ్చికగడ్డలు పేర్చిన పాత ఇంట్లో కింద గొర్రెలు, పైన మనుషులు; కంపు కొట్టినా వెచ్చగా ఉండేది. కొత్త గోడలకు ఆ వెచ్చదనం లేదు. తరవాత ధరలు పడిపోతాయి. తూర్పుగోదావరి కౌలురైతుకైనా పాలమూరు రైతుకైనా ఈ భాగానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

బ్యార్తుర్ కవి కూడా. 'రీముర్' అనే పాత ఛందస్సులో, ఎంత చిక్కు ప్రాస అయితే అంత ఇష్టంగా కడతాడు. మొదటి పాదంలో రెండుచోట్ల వచ్చిన ధ్వని తరవాతి పాదం మొదట్లో మళ్లీ పలకాలి. యతిప్రాసలు ఎరిగిన మనకు ఆ పట్టుదల వెంటనే అర్థమవుతుంది. థామ్సన్ పద్యాల్లో ఆ బిగువు కొంతే దక్కింది. వచనం మాత్రం కాస్త పాతకాలపు ఇంగ్లీషే అయినా బ్యార్తుర్ మొండితనానికి సరిగ్గా సరిపోయింది.

హిమానీనదాలు, ఉత్తర ధ్రువ కాంతుల వర్ణనల కోసమైతే ఇది వద్దు. కొనేముందు వీలైతే ఇదే పుస్తకంలో 'బుక్ వన్' అని ఉన్న మొదటి సగంలో, రెండో భాగం మొదట్లో ఉన్న చలికాలపు ఉదయం అధ్యాయం చదవండి. చిన్న కొడుకు నోన్నీ చీకట్లో మేలుకుని కాఫీ కోసం ఎదురుచూడటమే అందులో జరిగేది. అది విసుగనిపిస్తే డబ్బు మిగుల్చుకోండి.