బోర్డు మీది కొండా, కిటికీలోంచి కనిపించే కొండా?

తిరుపతి చుట్టుపక్కల ఏ ప్రాథమిక పాఠశాలకైనా వెళ్లి 'ఒక సీనరీ వేయండి' అనండి. రెండు మొనదేలిన కొండలు, నడుమ సూర్యుడు, కిందికి పారే ఏరు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. కిటికీ తెరిస్తే ఎదురుగా శేషాచలం! దానికి మొనే లేదు. పైన బల్లపరుపుగా సాగుతుంది, అంచున రాతిగోడ నిలువుగా దిగుతుంది, ఆ కింద అడవి. పైగా కొండ ఊరికి ఉత్తరాన ఉంది, సూర్యుడు దాని నడుమ నుంచి పొడవడు. రోజూ చూసే కొండను పిల్లలు కాగితం మీదికి తీసుకురాలేకపోవడానికి కారణం టీచర్లమైన మేమే. బోర్డు మీద మేం వేసిన కొండను చూసి దించమన్నాం.

చాలా ఏళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. బొమ్మలు నేర్పడానికి రంగుల పుస్తకం, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడం, ముగ్గు, బంకమట్టి అన్నీ వాడాను. ఏది మేలో నాకు తేలినంత వరకు చెబుతాను.

రంగుల పుస్తకాన్ని పూర్తిగా తీసిపారేయను. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిలో, ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి పిల్లల చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. క్రేయాన్ పట్టు కూడా కుదురుతుంది. అంతకుమించి అందులో నేర్చుకునేది లేదు. గీత ఎవరిదో, ఆలోచన ఎవరిదో. గీత దాటితే తప్పన్న భయం మాత్రం పిల్లల్లో ఉండిపోతుంది.

చూసి గీయడం దీనికి నేరుగా ఎదురు. ఓసారి నాలుగో తరగతిని ఆవరణలో కూర్చోబెట్టి, పావుగంట పెన్సిల్ ముట్టకుండా కొండనే చూడమన్నాను. 'అయ్యోరా, కొండకి గోడ ఉండాది!' అన్నాడు ఒకడు. ఆ రోజు వచ్చిన బొమ్మలు వంకరటింకరగా ఉన్నాయి, కానీ ఒకదానిలా ఇంకొకటి లేదు. అయితే దీన్ని ఒకటి, రెండు తరగతుల్లో పెట్టకండి. ఆ వయసు పిల్లలు కంటికి కనిపించింది గీయరు, తమకు తెలిసింది గీస్తారు. ఇంటి గోడలోంచి లోపలి అమ్మ కూడా కనిపిస్తుంది. అది తప్పు కాదు, దిద్దకూడదు.

వాళ్లకు మట్టే మేలు. మట్టిలో తప్పు ఉండదు, నలిపితే మళ్లీ మొదలు. పలమనేరు వైపు మట్టిబొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు, మన ఊళ్లో చెరువుమట్టి అయినా చాలు. నానబెట్టి, రాళ్లు తీసి, బాగా పిసికి ఇవ్వండి. బొమ్మలను నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లు వచ్చి పిల్లలు ఏడుస్తారు.

డిజైన్ సంగతికి వస్తే, నా ఓటు ముగ్గుకే. నడి వరుసలో 7 చుక్కలు, దానికి రెండు వైపులా సందుచుక్క, అంటే రెండు చుక్కల నడుమ ఒకటి, 4 వచ్చేవరకు. మొత్తం ఎన్ని చుక్కలని అడగండి. కొందరు ఒక్కొక్కటీ లెక్కపెడతారు, ఒకరిద్దరు సగం లెక్కపెట్టి అవతలి సగం అంతే అంటారు. 37 అని తేలేలోపు రెండు వైపులా సమానంగా ఉండడమంటే ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. మెలికల ముగ్గయితే ఇంకా మంచిది, గీత ప్రతి చుక్కనూ చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. ఎక్కడ తప్పిందో టీచరు చెప్పక్కర్లేదు, ముగ్గే చూపిస్తుంది. 'ఆడపిల్లల పని' అని మొదట్లో మగపిల్లలు వెనక్కి తగ్గుతారు, అదీ ఒక పూటే. ఖర్చంటారా, ఒక సుద్దముక్క.

శ్రీకాళహస్తి కలంకారీ దగ్గర్లోనే ఉంది కదా, అదే నేర్పొచ్చుగా అంటారు కొందరు తల్లిదండ్రులు. అందులో కలమంటే గుడ్డ చుట్టిన వెదురుపుల్ల, ఆ గుడ్డను ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఆ అదుపు ఏడేళ్ల వేళ్లకు రాదు. ఐదో తరగతికి మాత్రం చూపించి తీరాలి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లం, ఇనుము నానబెట్టిన నీళ్లతో గీస్తే గీత కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయ వగరుకు ఇనుము తగిలితే వచ్చే నలుపు అది. బొమ్మల పాఠమా, సైన్సు పాఠమా అని ఆ రోజు విడదీయలేం.

మా బడిలో ఇప్పుడు ఒకటి, రెండు తరగతులకు మట్టి, మూడుకు ముగ్గు, నాలుగు, ఐదుకు చూసి గీయడం. రంగుల పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి, వానపడి ఆవరణ తడిసిన రోజున తీస్తాం. సీనరీ మాత్రం బోర్డు మీద వేయడం మానేశాను.