జెర్సీ మీద వాలు తెలుగు: బాలూ తమ్ముడా, అనేక్ తెలుగా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు కబడ్డీ జట్టుకు జెర్సీ వేయిస్తే పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటేనే ఊరంతా చదువుతుంది. పైగా వేగం కనిపించేలా అక్షరాలు దళసరిగా, ముందుకు వాలి ఉండాలి. ఉచితంగా దొరికే ఫాంట్లలో నేను చూసేవి రెండే: బాలూ తమ్ముడు 2, అనేక్ తెలుగు. రెండూ ముంబైకి చెందిన ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వారివే. మొదటిదానికి ఒడియాలో బాలూ భైనా 2 జోడీ, రెండోదానికి అనేక్ ఒడియా. సొంత వాలు రూపం మాత్రం దేనికీ లేదు, మనమే వంచుకోవాలి.

అసలు తేడా ఆ వంచడంలోనే తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని 10 డిగ్రీలు వాలిస్తే పైభాగం దాదాపు 1.8 సెంటీమీటర్లు కుడికి జరుగుతుంది. అక్షరాలు కూర్చునే గీత కింద ఉండే వత్తులేమో ఎడమకు పోతాయి. ‘శక్తి’లో తవత్తు వెనక్కి జారి పక్క అక్షరం కిందికి దూరుతుంది. బాలూ స్వతహాగా గుండ్రన, బొద్దు. వంచితే పరుగెత్తే ఆటగాడు కాదు, దొర్లే లడ్డూ కనిపిస్తుంది. మిఠాయి కొట్టు బోర్డుకైతే భేషుగ్గా ఉంటుంది!

అనేక్‌లో మందం 100 (అతి సన్నం) నుంచి 800 (అతి దళసరి) వరకు, వెడల్పు 75 నుంచి 125 శాతం వరకు మార్చుకోవచ్చు. ఇరుకు రూపాన్ని 800 మందంలో తీసుకుంటే పొడవైన ఊరి పేరు కూడా వీపు మీద ఒకే వరుసలో పడుతుంది. బాలూలో మందం మారుతుంది గానీ వెడల్పు మారదు.

నా ఓటు అనేక్‌కే. అయితే వంచాక వత్తులను ఒక్కొక్కటిగా కుడికి సర్దాలి, ఒడియాకూ అదే కోణం వాడాలి. చిన్నపిల్లల జట్టయితే బాలూను వంచకుండా నిటారుగానే వేయించండి.