పది వేల గిటారు మీద ఇంకెంత పెట్టాలి? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

రూ.10,000 అటూ ఇటూగా దొరికే లామినేట్ టాప్ (పై పలక పలుచటి చెక్క పొరలు అతికించినది) డ్రెడ్‌నాట్ (పెద్ద డొక్క) గిటారు సంగతి ఇది. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో చెక్క, బిగింపు, ఫ్యాక్టరీ యాక్షన్ (మెడ మీద తీగల ఎత్తు) ఎవరివైనా ఇంచుమించు ఒకటే. ఏళ్ల తరబడి వాయించాక నా లెక్క ఇదీ: గిటారు ధరలో కనీసం 15 శాతం సెటప్‌కు, అంటే వాయించడానికి వీలుగా సర్దించడానికి, అట్టిపెట్టుకోండి. అంత మిగలకపోతే వెయ్యి తక్కువ గిటారు కొనండి.

ఎందుకంటే, పెట్టెలోంచి తీసినప్పుడు 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మీ) మీద ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఎత్తు 3 మి.మీ. పైనే ఉంది. ఆరో తీగకు 2.4, అన్నిటికన్నా సన్నదైన ఒకటో తీగకు 1.8 ఉంటే వేళ్లకు హాయి. ఒకే వేలితో అన్ని తీగలూ నొక్కాల్సిన ఎఫ్ కార్డు దగ్గర చాలామంది మానేసేది చేతకాక కాదు, ఈ ఎత్తు వల్లే.

ముందు మెడ వంపు చూడాలి. తీగలు శ్రుతి చేసి, ఆరో తీగను 1వ ఫ్రెట్‌లోనూ 14వ ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కితే 7వ ఫ్రెట్ మీద 0.2 మి.మీ. సందు కనిపించాలి. అంతకన్నా ఎక్కువుంటే మెడ లోపల వంపు సరిచేసే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, సవ్యదిశలో ఎనిమిదో వంతు, మహా అయితే పావు చుట్టు తిప్పి, రాత్రంతా వదిలేసి మళ్లీ కొలవాలి. బిగుసుకుపోయి తిరగనంటే బలవంతం చేయొద్దు. అల్లెన్ కీ సరిగ్గా సరిపోకపోతే రాడ్ నట్టు లోపల అరిగిపోతుంది, ఆ మరమ్మతు గిటారు ధరకు తగదు.

తర్వాత శాడిల్, అంటే డొక్క మీద తీగలు కట్టే చెక్కలో (బ్రిడ్జి) తీగలు ఆనే సన్న పట్టీ. 12వ ఫ్రెట్ తీగకు సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మి.మీ. దించాలంటే శాడిల్‌లో ఒక మి.మీ. తీయాలి. పెన్సిలుతో గీత గీసి, అద్దం ముక్క మీద పరిచిన 220 నంబరు ఉప్పుకాగితంపై అడుగు వైపే రుద్దండి. పై అంచు ఆకారం శ్రుతికి సంబంధించింది, దాన్ని ముట్టుకోవద్దు. అడుగు చదునుగా రాకపోతే ఒకటి రెండు తీగలు మూగబోతాయి. ప్లాస్టిక్ శాడిల్ తీసి ఎముకది వేస్తే మోత కాస్త తేటపడింది, పెట్టిన నాలుగైదు వందలకు సరిపోయేంత. పెద్ద అద్భుతమేమీ లేదు.

ఇక నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడులు. తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు 1వ ఫ్రెట్ మీద కాగితం మందం సందు ఉంటే చాలు. ఎక్కువుంటే పనిమంతుడికే ఇవ్వండి. ఆకురాయితో ఒక్క తోపు ఎక్కువైనా ఖాళీ తీగ జిర్రుమంటుంది, నట్ మార్చక తప్పదు.

తీగల విషయంలో 12-53 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం) కన్నా 11-52 ఈ గిటారుకు నప్పింది. 12 సెట్టు మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. లామినేట్ టాప్ అంత బరువు మోస్తుంది గానీ, విశాఖ, కాకినాడ వైపు వానాకాలపు చెమ్మలో టాప్ బ్రిడ్జి వెనక ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. అక్కడ చెమటకు ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు నెలన్నరకే నల్లబడతాయి. రెండు మూడు రెట్లు ధర ఉన్న కోటెడ్ (పైపూత ఉన్న) తీగలు అలాంటి చోట గిట్టుబాటే. హైదరాబాద్ ఎండల్లో కథ తిరగబడుతుంది: చెక్క ఎండి ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకుంటాయి. గిటారు గోడకు వేలాడదీయకుండా బ్యాగులో పెట్టి, చిన్న హైగ్రోమీటరుతో తేమ 45-55 శాతం మధ్య చూసుకోవడం మేలు.

పికప్ (మోతను యాంప్లిఫయరుకు పంపే పరికరం) ఉన్న మోడల్‌కు అదనంగా పోయే మూడు నాలుగు వేలు, స్టేజీ ఎక్కనివాళ్లకు దండగ. ట్యూనరు ఫోనులోనే ఉంది, నలుగురితో కలిసి వాయించేటప్పుడే క్లిప్ ట్యూనరు కావాలి. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్) మాత్రం మరీ చవకది వద్దు, తీగల్ని పక్కకు లాగి శ్రుతి తప్పిస్తుంది.

సాలిడ్ టాప్‌కు (పొరలు లేని అసలు చెక్క పలక) ఎప్పుడు మారాలి? సెటప్ చేసిన గిటారులోనూ మెల్లగా మీటితే వచ్చే మోతకూ గట్టిగా మీటితే వచ్చే మోతకూ తేడా చాలడం లేదనిపించినప్పుడు. యమహా ఎఫ్‌జీ 800 లాంటివి ఆ మెట్టు. పాతది దొరికితే బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో చూడండి. దూరిందంటే జిగురు వదులుతోందన్నమాట. మొదటి మూడు ఫ్రెట్లలో సన్న తీగల కింద లోతు గుంటలుంటే ఫ్రెట్లు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.