స్కాట్లాండ్‌లో ఐదు రాత్రులు, మూడు క్రానకన్‌లు

అమ్మా నాన్నా గుంటూరు నుంచి మాంచెస్టర్ మా ఇంటికొచ్చి నెలన్నర అయింది, ఎంతసేపని ఇంట్లో కూర్చుంటారని జులై రెండో వారంలో కారేసుకుని స్కాట్లాండ్ వెళ్ళొచ్చాం. రెండు రాత్రులు ఎడిన్‌బరా, ఒక రాత్రి పిట్లోక్రీ, రెండు రాత్రులు బ్లెయిర్‌గౌరీ దగ్గర కాటేజీ. కోటలూ కొండలూ గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను బసలు, తిండి, ముఖ్యంగా క్రానకన్ గురించి రాస్తాను, ఎందుకంటే మూడు చోట్లా అదే తిన్నాం, మూడు చోట్లా మూడు రకాలుగా ఉంది.

క్రానకన్ అంటే వాళ్ళ పాతకాలపు స్వీటు. చిలికిన క్రీము, రాస్ప్‌బెర్రీలు, వేయించిన ఓట్స్, తేనె, విస్కీ, అంతే. పేరులో రెండో క ని మామూలు క లాగే రాస్తున్నా గానీ వాళ్ళు గొంతులోంచి గీకినట్టు ఖ్ అంటారు, లాఖ్ నెస్ సరస్సు పేరులో లాగా. ఒకప్పుడు కోతల టైములో చేసుకునేవాళ్ళట, ఇప్పుడు జనవరి 25న బర్న్స్ నైట్ (వాళ్ళ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు) భోజనాల్లో కూడా పెడతారు. పాత పద్ధతిలో క్రీముతో పాటు క్రౌడీ అని ఒక మెత్తటి జున్నులాంటిది కలుపుతారు, పాలు విరగ్గొట్టి నీళ్ళు వడకట్టేదే. అమ్మ గుడ్డు ముట్టదు, ఇందులో గుడ్డు లేదు, జెలటిన్ లేదు, అందుకే దీని మీద పడ్డాం. క్లూటీ డంప్లింగ్ అని గుడ్డలో కట్టి ఉడికించేది ఇంకోటి ఉంటుంది, దాన్లో మామూలుగా పశువుల కొవ్వు వేస్తారు, శాకాహారులు అడక్కుండా తినకండి. టాబ్లెట్ అనేది పర్లేదు, మందుబిళ్ళ కాదు లెండి, పంచదార వెన్న కండెన్స్‌డ్ మిల్కు కలిపి కాచి ముక్కలు కోసింది, మన పాలకోవా దాని ముందు చప్పగా అనిపిస్తుంది. నాన్నకి షుగర్, ఒక్క ముక్క ఇచ్చి పాకెట్ దాచేశాం.

ఎడిన్‌బరాలో బస మాత్రం దెబ్బేసింది. పాత రాతి బిల్డింగు, ఫోటోల్లో అదిరిపోయింది, తీరా వెళ్తే గది నాలుగో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లేమో గుండ్రంగా తిరుగుతూ మధ్యలో అరిగిపోయి ఉన్నాయి. లిఫ్ట్ లేదన్న సంగతి బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున రాశారు, నేను చూసుకోలేదు, తప్పు సగం నాదే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ ఊళ్ళో ఫస్టు అడగాల్సింది లిఫ్ట్ గురించే, తర్వాత పార్కింగ్, మాకు రోజుకి 25 పౌండ్లు వేరే అయింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కోటకి ముందే ఆన్‌లైన్‌లో టికెట్లు తీసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ ఫిరంగి పేలుస్తారు, ఆదివారాలు ఉండదు, మేం చెప్పడం మర్చిపోయాం, అమ్మ ఎగిరిపడి పక్కనున్న ఎవరో తెల్లావిడ చెయ్యి పట్టుకుంది.

మొదటి క్రానకన్ అక్కడే, రాయల్ మైల్ అనే పాత వీధి పక్క సందులో ఒక రెస్టారెంటులో, తొమ్మిదిన్నర పౌండ్లు. పొడుగు గ్లాసులో చూడ్డానికి బావుంది. స్పూను పెడితే అర్థమైంది, పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టేశారు, ఓట్స్ తడిసి నిన్నటి ఉప్మాలా ముద్దయిపోయాయి, బెర్రీలకి బదులు సగం జాములాంటి పాకం. విస్కీ లేకుండా ఒకటి ఇమ్మంటే అన్నీ కలిపేసే ఉన్నాయండీ అన్నాడు. విస్కీ ఇందులో పొయ్యి ఎక్కదు, అంటే ఆవిరైపోయిందిలే అనుకోడానికి లేదు, మొత్తం అలాగే ఉంటుంది. అమ్మ ముట్టుకోలేదు. అమ్మ వాటా కూడా నాన్నే తిన్నాడు, షుగర్ సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

పిట్లోక్రీ చిన్న ఊరు, ఎడిన్‌బరా నుంచి గంటా నలభై నిమిషాల డ్రైవు, ట్రైను కూడా ఉంది. డ్యామ్ పక్కన సాల్మన్ చేపలు పైకి ఎక్కి పోవడానికి 34 తొట్లు మెట్లలాగా కట్టారు, 310 మీటర్ల పొడవు. మేం ఉన్న ముప్పావు గంటలో ఒక్క చేపా ఎక్కలేదు. గెస్ట్ హౌస్ మాత్రం ఈ ట్రిప్పులో బెస్ట్. గ్రౌండ్ ఫ్లోర్ గది, పార్కింగ్ ఫ్రీ, పొద్దున చెప్తే రాత్రికి వండి పెడతారు, హ్యాగిస్ అని మామూలుగా గొర్రె మాంసంతో చేసే వంటకం ఉంది, అమ్మకి పప్పులూ ఓట్స్‌తో చేసే శాకాహార రకం పెట్టింది ఆ ఇంటావిడ.

తర్వాత క్రానకన్ తెచ్చిన తీరు చూసి నేను ఫ్లాట్. గ్లాసుల్లేవు. ఒక గిన్నెలో క్రీము, ఒకదాన్లో బెర్రీలు, ఒకదాన్లో ఓట్స్ ఇంకా వేడిగా, తేనె సీసా, విస్కీ చిన్న జగ్గు, అన్నీ టేబుల్ మీద పెట్టేసి ఎవరిది వాళ్ళు కలుపుకోండి అంది. అసలు పద్ధతి ఇదేనట! ఎవరి గొడవా లేదు, అమ్మ విస్కీ మానేసి తేనె రెండు స్పూన్లు ఎక్కువేసుకుంది. మా ఆయన కూడా విస్కీ జోలికి పోలేదు, భోజనమయ్యాక వెలుతురుండగానే మళ్ళీ డ్యామ్ దాకా కారులో వెళ్ళాలని ప్లాను. ఇక్కడొక మాట, తాగి డ్రైవ్ చేసే లిమిట్ ఇంగ్లాండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములైతే స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50 మాత్రమే, స్వీటే కదా అని లైట్ తీసుకోకండి.

ఆ తేనె గురించి చెప్పాలి. హెదర్ అని కొండల మీద ఊదారంగు పొదలు, ఆగస్టులో పూస్తాయి, ఆ పూల తేనె. సీసా బోర్లించినా కిందికి జారదు, జెల్లీలా నిలబడిపోతుంది, స్పూనుతో తిప్పితే అప్పుడు కదులుతుంది. కల్తీదేమో అంది అమ్మ. కాదమ్మా దీని గుణమే అది అంటే నమ్మలేదు, తిన్నాక మాత్రం కొంచెం చేదు తగుల్తోంది, అడవి తేనెలా ఉందే అంది. మర్నాడు వెళ్తూ ఒక సీసా, 5 సెంటీలీటర్ల బుల్లి విస్కీ సీసా కొన్నాం. ఆ బుల్లిది కొనడానికి కారణం ఉంది, ముందురోజు రాత్రి పదింబావుకి సూపర్ మార్కెట్‌కి పోతే విస్కీ అరకి అడ్డంగా తెర వేసేశారు, స్కాట్లాండ్ షాపుల్లో మందు అమ్మేది పొద్దున పది నుంచి రాత్రి పది దాకానే.

అక్కడి నుంచి బ్లెయిర్‌గౌరీకి కొండల మీదుగా మెలికల రోడ్డు, గొర్రెలు అడ్డమొస్తాయి, నిదానంగా పోవాలి. ఈ చుట్టుపక్కలంతా బెర్రీ పంట, ఒకప్పుడు డండీ, గ్లాస్గో నుంచి కుటుంబాలకి కుటుంబాలు వేసవికి కోతకొచ్చేవట, ఇప్పుడు పాలిథీన్ గుడారాలు, విదేశీ కూలీలు. మనమే కోసుకునే తోట ఒకటి దొరికింది. పండిన రాస్ప్‌బెర్రీని రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు, తెల్లటి బొడిపె కొమ్మకే ఉండిపోయి పండు టోపీలా ఊడొచ్చేస్తుంది, లాగాల్సి వస్తే పండలేదని అర్థం. నాన్న రెండు నిమిషాల్లో కిటుకు పట్టేశాడు, బుట్టలో వేసినవెన్నో నోట్లో వేసినవెన్నో ఆయనకే తెలియాలి.

కాటేజీ విశాలంగా ఉంది, కిటికీలోంచి పొలాలు, సిగ్నల్ అస్సల్లేదు, వైఫై ఉన్నా లేనట్టే. మూడో క్రానకన్ ఆ వంటింట్లో మేమే చేశాం, నలుగురికి కొలతలు రాస్తున్నా. ఓట్‌మీల్ 60 గ్రాములు, పలుచటి ఓట్స్ రేకులు కాదు, పిన్‌హెడ్ అని అమ్ముతారు, అచ్చం గోధుమ రవ్వలా ఉంటుంది. నూనె లేకుండా సన్న సెగ మీద అయిదారు నిమిషాలు వేయించాలి, ఉప్మా రవ్వ వేయించినట్టే అంటే అమ్మ నా చేతిలో గరిటె లాగేసుకుంది, కమ్మటి వాసన రాగానే పళ్ళెంలో పోసేసింది, బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయంది, నిజమే. డబుల్ క్రీము 300 మిల్లీలీటర్లు. కాటేజీలో ఎలక్ట్రిక్ బీటర్ లేదు, చేతి విస్క్‌తో మా ఆయన చిలికాడు, కవ్వం ఉంటే ఎప్పుడో అయిపోయేది అల్లుడుగారూ అని అమ్మ ఒకటే గోల. క్రీము స్పూనుతో ఎత్తితే మెత్తగా వంగి పడాలి, అక్కడ ఆపెయ్యాలి, ఇంకాస్త తిప్పితే వెన్న తేలుతుంది, 48 శాతం కొవ్వు మరి. అమ్మ భాగం ముందే తీసి పక్కన పెట్టి, మిగతా దాంట్లో మూడు టేబుల్ స్పూన్ల తేనె, రెండు మూడు విస్కీ. ఆ బుల్లి సీసా సరిగ్గా సరిపోయింది. పొగవాసన ఘాటుగా ఉండే ఐలా దీవి విస్కీలు వద్దు, బెర్రీని మింగేస్తాయి. బెర్రీలు పావుకిలో, గుప్పెడు చిదిపి కలిపి మిగతావి చిదపకుండా అలాగే. ఓట్స్ చల్లారాక, తినే ముందు మాత్రమే కలపాలి, ఎడిన్‌బరా వాళ్ళు చెడగొట్టింది ఇక్కడే.

హైదరాబాద్‌లో చెల్లి చేస్తానంటోంది, మన దగ్గర డబ్బాల్లో వచ్చే 25 శాతం ఫ్రెష్ క్రీము చిలికినా నిలబడదు, విప్పింగ్ క్రీమే కొనాలి, ఫ్రోజెన్ బెర్రీలైతే నీళ్ళు వడకట్టేయాలి.

ఆఖరి రోజు పొద్దున మిగిలిన ఓట్‌మీల్‌తో అమ్మ ఉప్మా మొదలెట్టింది. ఆవాలు చిటపటలాడాయో లేదో స్మోక్ అలారం మోగింది, నాన్న టవల్ పట్టుకుని దాని కింద విసురుతూనే ఉన్నాడు, చెక్ అవుట్ పదింటికి, ఓనరు తొమ్మిదిన్నరకే వచ్చి గుమ్మంలో నించున్నాడు. ఏం కాలేదండీ అని ప్లేటులో పెట్టిస్తే నిలబడే తినేశాడు, డిపాజిట్టు మూడో రోజుకి పూర్తిగా వెనక్కొచ్చింది.