పీఎస్ ప్లేటు మంచిదే, పేచీ అంతా డెవలపర్‌తోనే

విజయవాడలో మినీ ఆఫ్‌సెట్ ప్రెస్సు పెట్టి పన్నెండేళ్లుగా పాజిటివ్ పీఎస్ (ప్రీసెన్సిటైజ్డ్, అంటే వెలుతురుకు మారే పూత ముందే పూసిన) అచ్చు ప్లేట్లే వాడుతున్నాను. అంతకుముందు, ప్రెస్సులోనే పూత పూసుకునే వైప్-ఆన్ ప్లేట్లకు పొద్దున కలిపిన ద్రావణం సాయంత్రానికి పనికిరాకుండా పోయేది. పూత కూడా స్పాంజి తిప్పిన చేతిని బట్టి ఒక మూల దళసరిగా, ఇంకో మూల పలచగా వచ్చేది. అందుకే ఫ్యాక్టరీలోనే పూత పూసుకొచ్చిన ప్లేటు చేతికందగానే, ఇక ఏ ప్లేటు తీసినా ఒకేలా వస్తుందని తోటి ప్రెస్సువాళ్లకు గొప్పగా చెప్పాను. ఆ మాట పూత వరకే నిజమని, వెలుతురు తగిలిన పూతను కడిగేసే డెవలపర్ ద్రావణం సంగతి వేరని తర్వాత తెలిసింది.

రెండేళ్ల కిందట మాఘమాసపు పెళ్లిళ్ల రద్దీలో ఒక శుభలేఖ మెషిన్‌కెక్కింది. "నీళ్లు ఎంత పెంచినా ఖాళీ జాగా ఇంకు పట్టేస్తోందండీ" అన్నాడు మెషిన్‌మన్. ఆఫ్‌సెట్‌లో ఖాళీ జాగాకు ఇంకు అంటకుండా ఆపేది ఆ నీళ్లే. ప్లేటును భూతద్దంతో చూస్తే అక్షరాలు చక్కగానే ఉన్నాయి గాని, వాటి చుట్టూ పలచటి ఆకుపచ్చ పొర మిగిలిపోయింది. దీపం పాతబడిందనుకుని ఎక్స్‌పోజింగ్, అంటే ఫిల్మ్ పెట్టి ప్లేటుకు వెలుతురు తగిలించే సమయం, 60 సెకన్ల నుంచి 90కి, తర్వాత 120కి పెంచాను. పొర పోయింది, దాంతోపాటు వేంకటేశ్వరస్వామి బుగ్గ మీది సన్నని చుక్కలూ పోయి, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అలా నాలుగు ప్లేట్లు పాడయ్యాక గానీ గ్రే స్కేల్ పట్టీ (మెట్టు మెట్టుకూ నలుపు పెరిగే ఫిల్మ్ ముక్క; ఎన్ని మెట్ల కింద పూత పూర్తిగా పోయిందో చూస్తాం) గుర్తుకు రాలేదు. 60 సెకన్లకు ఎప్పుడూ మూడో మెట్టు వరకు శుభ్రంగా తేలే పట్టీలో ఆ రోజు ఒక్క మెట్టే తేలింది. ఆ పట్టీలో రెండు మెట్ల తేడా అంటే వెలుతురు సగమైనంత లెక్క. అయితే కొత్త డెవలపర్ డబ్బా విప్పి పోయగానే అవే 60 సెకన్లకు మూడు మెట్లూ తేలాయి. పాపం, దీపం తప్పేమీ లేదు.

వెలుతురు తగిలిన పూత ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లాన్ని డెవలపర్‌లోని క్షారం కరిగిస్తుంది. రెండు రాత్రులు ఫ్యాన్ కింద మూత లేకుండా వదిలేసిన ట్రేలో ఆ క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని చప్పబడింది. అందులో కడిగింది ఐదు ప్లేట్లే కావడంతో రంగు ఇంకా లేతగానే ఉంది, నేను మోసపోయింది అక్కడే. ఆ రంగు కరిగిన పూతది. ఎన్ని ప్లేట్లు కడిగామో చెబుతుంది గాని, ద్రావణంలో ఎంత పస మిగిలిందో చెప్పదు.

ఇప్పుడు ప్రతి ప్లేటు అంచునా పట్టీ పెడుతున్నాను. రాత్రికి డెవలపర్‌ను ఇరుకు మూతి క్యానులోకి ఒంపేస్తున్నాను. మే నెలలో బాధ తిరగబడుతుంది: వేడెక్కిన కొత్త డెవలపర్ అక్షరాలనే కొరికేస్తుంది గనుక ట్రేను చల్లనీళ్ల తొట్టిలో నిలబెట్టి 25 డిగ్రీల దగ్గర ఉంచాలి.

రెండు మూడు వేల కాపీల ఒకటి రెండు రంగుల పనికి, నాలా దగ్గరుండి కడుక్కునే ఓపిక ఉన్నవాళ్లకు ఈ ప్లేటు సరిపోతుంది. నాలుగు రంగుల పని వస్తే మాత్రం నేను కూడా బయట సీటీపీ (ఫిల్మ్ లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా తీసే) ప్లేటే తీయించుకుంటున్నాను.