పిస్టన్ కంప్రెసర్ కింద రబ్బరు ప్యాడ్లు తీసేసి స్ప్రింగ్ మౌంట్లు వేశాం, ఎలా ఉన్నాయంటే

బాలానగర్‌లో మాది చిన్న ఇంజినీరింగ్ షెడ్. పది హెచ్‌పీ పిస్టన్ కంప్రెసర్, సర్ఫేస్ గ్రైండర్, లేత్‌లు, పవర్ ప్రెస్ అన్నీ ఒకే ఫ్లోర్ మీద, ఒకదాని పక్కన ఒకటి. ఈ రివ్యూ కంప్రెసర్ కింద వేసిన స్ప్రింగ్ మౌంట్ల గురించి, అంటే మెషీన్ అదురు నేలకి దిగకుండా కింద పెట్టే స్ప్రింగు కాళ్లు. ముందే చెప్పేస్తున్నా, చాలా బాగా పనిచేస్తున్నాయి, కానీ అన్ని మెషీన్లకూ ఇవే కొనేయకండి.

ఇంతకుముందు దాని కింద ఇంచు మందం రబ్బరు ప్యాడ్లు ఉండేవి, మెషీన్‌తో పాటే వచ్చినవి. కంప్రెసర్ ఆన్ అయిందంటే చాలు, గ్రైండర్ మీద అరగదీస్తున్న ముక్కకి, అదే జాబ్‌కి, అడ్డంగా సన్నటి గీతలు పడేవి. వేలితో తడిమితే తెలియదు, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే వరసగా, సమానమైన ఎడంతో కనిపిస్తాయి. కంప్రెసర్ కట్ ఆఫ్ అవగానే గీతలు ఆగిపోయేవి. గ్రైండింగ్ వీల్‌ని చెక్కి సాపు చేసినా (డ్రెస్సింగ్), స్పిండిల్ బేరింగ్ చూసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే రోగం గ్రైండర్‌ది కాదు, నేల మీదుగా వస్తోంది.

రబ్బరు వేశాం కదా, ఇంకా అదురెందుకు వస్తోంది అంటారా? చాలామందికి తెలియనిది ఇదే, షాపులవాళ్లు కూడా చెప్పరు. మౌంట్ మీద బరువు పడినప్పుడు అది ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో చూడండి, ఆ అంకెకి వర్గమూలం కట్టి 15.8ని దానితో భాగించండి, వచ్చేది ఆ మౌంట్ మీద మెషీన్ ఊగే సొంత ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, దాన్నే హెర్ట్జ్‌లో చెబుతారు. మా ప్యాడ్లు కుంగేది ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే దాదాపు 13 హెర్ట్జ్. కంప్రెసర్ పంపు తిరిగేది 700 ఆర్‌పీఎం, అంటే సెకనుకి 11.7 తిరుగుళ్లు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి! మెషీన్ స్పీడు మౌంట్ ఫ్రీక్వెన్సీకి కనీసం 1.41 రెట్లు దాటితేగానీ అదురు తగ్గడం మొదలే కాదు, మూడు రెట్లుంటే మంచి ఫలితం, రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం అదురు తగ్గడం అటుంచి ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగే మెషీన్‌కి మందపాటి రబ్బరు వేసేసి సమస్య తీరిందనుకోవడం అందుకే కుదరదు.

ఇప్పుడు వేసిన స్ప్రింగులు 25 మిల్లీమీటర్లు కుంగుతాయి, లెక్క కడితే 3 హెర్ట్జ్ పైచిలుకు. 11.7ని దానితో పోలిస్తే మూడున్నర రెట్లకు పైనే, అంటే లెక్క ప్రకారం నేలలోకి దిగే అదురు పదో వంతు కూడా ఉండకూడదు. కొలవడానికి నా దగ్గర మీటరేం లేదు కానీ గ్రైండర్ మీద గీతలు పూర్తిగా పోయాయి, కంప్రెసర్ నడుస్తుండగానే ఫైనల్ కట్ తీసుకుంటున్నాం, నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొనేటప్పుడు మాత్రం కాస్త ఓపిక కావాలి. రాణిగంజ్‌లో అడిగితే "ఎన్ని హెచ్‌పీ సార్, ఎన్ని కిలోలు" అని నాలుగు ఒకేలాంటివి చేతిలో పెట్టేస్తారు. "అన్నా, ఇంత బరువు మీద ఎంత కుంగుద్ది" అని మీరే అడగండి, జవాబు రాకపోతే పక్క షాపుకి వెళ్లిపోండి. మేము చివరికి కొన్న సప్లయర్ మాత్రం అడగకుండానే ఎంత లోడుకి ఎంత కుంగుతుందో చెప్పే డిఫ్లెక్షన్ చార్టు పంపాడు, ఒక్కో చివర బరువు ఎంతో తూచి చెప్పమన్నాడు. చైన్ బ్లాక్‌కి డిజిటల్ కాటా తగిలించి అటు చివర, ఇటు చివర, తర్వాత పక్కలు కాస్త లేపి తూస్తే పంపు, మోటారు ఉన్న వైపు బరువు బాగా ఎక్కువని తేలింది. అందుకని ఆ వైపు గట్టి స్ప్రింగులు, ఇవతలి వైపు మెత్తవి ఇచ్చాడు, గుర్తు కోసం వేరే వేరే రంగులు. బిగించాక వర్నియర్ పెట్టి చూస్తే నాలుగు మూలలా కుంగింది 24కీ 26కీ మధ్యే ఉంది. నాలుగూ ఒకేలాంటివి వేసి ఉంటే బరువు వైపు దిగిపోయి మెషీన్ వాలిపోయేది.

స్ప్రింగుల మీద నేరుగా పెడితే స్టార్ట్, స్టాప్ టైములో కంప్రెసర్ బాగా ఊగుతుంది, ఎందుకంటే స్పీడు అందుకునేలోగా ఆ 3 హెర్ట్జ్ దాటుకునే వెళ్లాలి. అందుకే ఇనుప ఛానల్‌తో ఫ్రేమ్ కట్టించి లోపల కాంక్రీటు పోసి దాని మీద మెషీన్ బిగించాం, స్ప్రింగుల లెక్క కూడా ఆ బరువు కలుపుకునే వేశాం. కాంక్రీటు వల్ల నేలకి పోయే అదురు తగ్గదు, మెషీన్ ఊగడం తగ్గుతుంది, రెండూ వేరు. గాలి లైనుకి ముందున్న జీఐ పైపు తీసేసి ఫ్లెక్సిబుల్ హోస్ వేశాం. ఇది అస్సలు మర్చిపోవద్దు, గట్టి పైపు గోడకి బిగించి ఉంటే ఎంత ఖరీదైన మౌంట్ వేసినా అదురు పైపులోంచి గోడకి పోతుంది, పైపు కూడా జాయింట్ దగ్గర చీలుతుంది. మోటారు కేబుల్‌కి కూడా కాస్త లూజు ఉంచండి. ఫ్రేమ్ కింద సందులో ఇనుప చిప్పులు, గుడ్డ పేలికలు ఇరుక్కోకుండా అప్పుడప్పుడు ఒక రేకు ముక్క దూర్చి తోసేస్తున్నాం.

మిగతా మెషీన్ల సంగతి వేరు. లేత్‌కి మెత్తటి స్ప్రింగు పనికిరాదు, బెడ్ లెవెల్ నిలబడాలి, దానికి స్క్రూతో ఎత్తు సరిచేసుకునే గట్టి లెవెలింగ్ మౌంట్లే సరి, రబ్బరు నైట్రైల్‌ది అడగండి, మామూలు రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. రబ్బరు కొన్నాళ్లు కుంగుతూనే ఉంటుంది కాబట్టి మళ్లీ ఒకసారి స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకోవాలి. 1500 ఆర్‌పీఎం జనరేటర్‌కైతే ఆరు మిల్లీమీటర్లు కుంగే రబ్బరు మౌంటే చాలు, మోత బయటికి రాకుండా పెట్టెలో బిగించి ఇచ్చే సైలెంట్ సెట్లలో చాలావాటికి లోపలే వేసి ఇస్తారు, కింద ఇంకో సెట్టు కొనేముందు తలుపు తీసి చూడండి. పవర్ ప్రెస్‌ది ఆర్‌పీఎం లెక్కే కాదు, దెబ్బ లెక్క, దానికి ప్రెస్ మౌంట్లు చేసేవాళ్లనే అడగాలి. మీ మెషీన్ మేడ మీద ఉంటే స్లాబు కూడా ఊగుతుంది కాబట్టి నేల మీద సరిపోయిన స్ప్రింగు అక్కడ చాలకపోవచ్చు, ఆ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

ఖరీదు ప్యాడ్ల కంటే చాలా ఎక్కువే, ఫ్రేము, కాంక్రీటు ఖర్చు అదనం. రిజెక్ట్ అయిన జాబుల నష్టం గుర్తున్నవాడిగా నాకు అది పెద్దగా అనిపించలేదు. సప్లయర్ మీద ఒక్కటే ఫిర్యాదు, స్ప్రింగు అడుగున ఉండాల్సిన రిబ్బుల రబ్బరు ప్యాడ్ సెట్టులో రాలేదు, అడిగితే విడిగా పంపాడు. స్ప్రింగు ఉక్కులోంచి సన్నటి గీ మనే హై ఫ్రీక్వెన్సీ మోత నేలకి దిగిపోతుంది, దాన్ని ఆపేది ఆ ప్యాడే, అది కలిపి ఇస్తున్నారో లేదో డబ్బు కట్టేముందే చూసుకోండి. ఇంకా, వానాకాలం మా షెడ్లో నీళ్లు వస్తాయి కాబట్టి పౌడర్ కోటింగ్ ఉన్నవే తీసుకున్నాం, మామూలు పెయింటు వేసినవి కూడా చూపించారు గానీ వద్దన్నాం.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ప్యాడ్ రానందుకు.