లైను బాగుంది, గోప్యతే తేలలేదు: ఒక బ్రాడ్‌బ్యాండ్ సేవపై సమీక్ష

ఈ సంస్థ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను ఏడాదికి పైగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. వేగం గురించి ఫిర్యాదు లేదు. చెప్పినంత వేగం చాలావరకు వస్తోంది, లైను తెగిన రెండుసార్లూ మరునాటికల్లా బాగుచేశారు. నా అభ్యంతరమల్లా ఆ లైను మీద నేను ఏమేం చూస్తున్నానో వారికి ఎంతవరకు తెలుస్తోంది, తెలిసినదాన్ని వారు ఏం చేస్తున్నారు అన్నదాని గురించే.

ఒకనాడు వెబ్‌సైటు పేరును ఒక అక్షరం తప్పుగా టైపు చేశాను. అలాంటి సైటు లేదన్న సందేశానికి బదులు ఈ సంస్థ ప్రకటనల పేజీ తెరుచుకుంది. మనం టైపు చేసే పేరును ఐపీ చిరునామాగా (నెట్‌లో ఆ సైటును గుర్తించే సంఖ్యగా) మార్చి చెప్పే డీఎన్ఎస్ సర్వరు సాధారణంగా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థదే అయి ఉంటుంది, లేని పేరుకు తన ప్రకటనల పేజీ చిరునామా ఇవ్వడం దాని చేతిలోనే ఉంటుంది. అక్కడికి వెళ్లే ప్రశ్నలు మామూలుగా ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా, అంటే దారిలో ఎవరైనా చదవగలిగేలా సాగుతాయి. హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజరుకూ సైటుకూ మధ్య రాకపోకలను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఉన్న సైటులో మనం ఏ పేజీ చదివామో, ఏ పాస్‌వర్డ్ ఇచ్చామో వారికి కనబడదు గానీ, ఏ సైటుకు ఎన్ని గంటలకు వెళ్లామో కనబడుతుంది. రోగాల గురించి, అప్పుల గురించి చెప్పే సైటు అయితే పేరొక్కటే చాలు. (బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీ దీన్ని దాచుతుందని చాలామంది అనుకుంటారు, అది మన పరికరంలో చరిత్ర మిగలకుండా చూస్తుందే తప్ప లైనును ముట్టుకోదు.)

వారిచ్చిన రౌటర్‌లో డీఎన్ఎస్ మార్చబోతే ఆ సెట్టింగుకు తాళం వేసి ఉంది. లాప్‌టాప్‌లో మార్చినా మళ్లీ అదే ప్రకటనల పేజీ వచ్చిందంటే, వేరే సర్వరుకు వెళ్లవలసిన ప్రశ్నలను కూడా దారిలోనే పట్టుకుంటున్నారన్నమాట. డీఎన్ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే, 2018లో ప్రమాణంగా వెలువడిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్‌ను బ్రౌజర్‌లో ఆన్ చేశాకే ఆ పేజీ మాయమైంది. అంతటితో అంతా దాగిపోలేదు: కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజరు పంపే తొలి సందేశంలో ఎస్ఎన్ఐ అనే భాగంలో సైటు పేరు ఎన్‌క్రిప్ట్ కాకుండానే వెళ్తుంది, దాన్ని కప్పే ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో అనే పద్ధతి పనిచేయాలంటే బ్రౌజరూ సైటూ రెండూ దానికి సిద్ధంగా ఉండాలి. మన రాకపోకలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి వేరే సంస్థ సర్వరు గుండా పంపే వీపీఎన్ వాడితే ఇదంతా కప్పబడిపోతుంది, కాకపోతే ఈ సంస్థ స్థానంలో వీపీఎన్ సంస్థను నమ్మవలసి వస్తుంది.

ఈ సంస్థ గోప్యతా విధానాన్ని రెండుసార్లు చదివాను. సమాచారాన్ని సేవల మెరుగుదలకు వాడతారని, భాగస్వాములతో పంచుకోవచ్చని ఉంది. ఎన్నాళ్లు ఉంచుతారో, ఆ భాగస్వాములెవరో లేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే అదే పేరాను తిరిగి పంపారు. ఇది అతి అనుమానమని ఎవరైనా అంటే, అమెరికాలో వెరిజాన్ అనే టెలికాం సంస్థ తన మొబైల్ చందాదారుల వెబ్ రాకపోకల్లోకి వారికి తెలియకుండా ఒక గుర్తింపు సంఖ్యను చొప్పించిన ఉదంతం చూడవచ్చు. బ్రౌజర్‌లో కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి దాచుకునే చిన్న ఫైళ్లు) తుడిచేసినా ఆ సంఖ్య పోయేది కాదు, ఎందుకంటే అది చేరేది సంస్థ నెట్‌వర్క్‌లో. ఈ వ్యవహారంలో 2016లో ఆ దేశ కమ్యూనికేషన్ల కమిషన్‌కు ఆ సంస్థ 13.5 లక్షల డాలర్లు కట్టింది. బ్రౌజింగ్ వివరాల వాడకానికి చందాదారు అనుమతి తప్పనిసరి చేస్తూ ఆ కమిషన్ అదే ఏడాది చేసిన నియమాలను అమలులోకి పూర్తిగా రాకముందే 2017లో ఆ దేశ కాంగ్రెస్ రద్దు చేసింది.

నా ఖాతాలో వెతకగా వెతకగా, బిల్లుల విభాగం అడుగున, ప్రకటనల కోసం నా వివరాలు వాడకుండా ఆపే మీట దొరికింది. ఆపాను. ప్లాన్ పునరుద్ధరించిన మర్నాడు చూస్తే అది మళ్లీ ఆన్‌లో ఉంది. లైను కోసం ఈ సేవను ఎవరికైనా సిఫారసు చేయగలను, ఈ మీటను నెలనెలా చూసుకునే ఓపిక ఉన్నవారికైతేనే. ఈసారి ఆపిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేశాను. ఫిర్యాదు సంఖ్య వచ్చింది, జవాబు ఇంకా రాలేదు.